విరాళాల కోసం బ్రూ చేసే బీరు: ఏ రకం ఎంచుకోవాలి?

అమెరికాలో చాలా ఊళ్లలో చిన్న బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఉంటుంది. ఫుడ్ బ్యాంకుకో, ఇల్లు కాలిపోయిన కుటుంబానికో డబ్బు పోగుచేయాలంటే హోమ్‌బ్రూ క్లబ్బు (ఇంట్లో సరదాగా బీరు చేసుకునేవాళ్ల సంఘం) వాళ్లూ బ్రూవరీ వాళ్లూ కలిసి ఒక బ్యాచ్ చేస్తారు. అమ్మగా వచ్చింది విరాళంగా ఇచ్చేస్తారు. ఇక్కడ ఇది మామూలే. ఉద్దేశం మంచిదే, తప్పంతా బీరు రకం ఎంచుకునే దగ్గర జరుగుతుంది. పదిమంది బ్రూవర్లు బల్ల చుట్టూ కూర్చుని చేతులెత్తితే గెలిచేది హేజీ ఐపీఏ (మసకగా, ఘాటుగా ఉండే బీరు), లేదంటే మామిడిపండు సోర్ (పుల్లటి బీరు). ఈవెంట్ రోజు సాయంత్రం చూస్తే సగం కెగ్గులు (బీరు నింపే స్టీలు పీపాలు) అలాగే ఉంటాయి. ఇంకెవరూ ఆ పని చేయకుండా ఉంటారేమోనని ఇది రాస్తున్నాను.

1. ముందు కాగితాల పని. ఇంట్లో చేసిన బీరు అమ్మకూడదు, ధర్మకార్యానికైనా సరే. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా (పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 100) పన్ను లేకుండా చేసుకోవచ్చు. అది తాగడానికే, అమ్మకానికి కాదు. కాబట్టి లైసెన్సున్న బ్రూవరీ ట్యాంకులోనే, వాళ్ల పేరు మీదే బ్రూ చేయాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లు ముందు ఎక్సైజు ఆఫీసు మెట్లెక్కండి.

2. ఎంత కావాలో లెక్కేసుకోండి. బారెల్ అంటే 31 గ్యాలన్లు, సుమారు 117 లీటర్లు. పెద్ద కెగ్గులో అందులో సగం పడుతుంది. కాగితం మీద 124 పైంట్లు వస్తాయి గానీ నురగకీ పైపులకీ పోయేది పోగా 110 అనుకోండి. సామానంతా బ్రూవరీలోనే ఉంటుంది. మీరు రబ్బరు బూట్లు వేసుకుని వెళ్తే చాలు.

3. ట్యాంకు ఎన్ని రోజులు ఇస్తారో అడగండి. బ్రూవరీ చేసే అసలు దానం మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కాదు, బీరు పులిసే ట్యాంకు. లాగర్ అనే రకమైతే నెలకు పైగా చలిలో పడుకోవాలి, అన్నాళ్లూ వాళ్ల సొంత బీరుకి చోటుండదు. బ్లాండ్ ఏల్ (తేలికపాటి బంగారు రంగు బీరు), వీట్ (గోధుమ) బీరు రెండు మూడు వారాల్లో ట్యాంకు ఖాళీ చేస్తాయి. ఇక్కడే సగం రకాలు లిస్టులోంచి ఎగిరిపోతాయి.

4. ఇప్పుడు రకం. ఇక్కడ తొందరపడొద్దు.

మొదటి గ్లాసు మంచి పని కోసమని అందరూ కొంటారు. అందులో వేపాకు రసం పోసినా కొంటారు. విరాళం పెరిగేది రెండో గ్లాసు మీద. పెళ్లి భోజనంలో పప్పుని ఎవరూ పనిగట్టుకుని మెచ్చుకోరు, కానీ మారు వడ్డించుకునేది దాన్నే. మీ బీరు అలా ఉండాలి.

దీన్ని చిన్న చిన్న కప్పుల్లో రుచి చూపించి తేల్చాలనుకుంటారు చాలామంది. అదే పెద్ద పొరపాటు. రెండు గుక్కల్లో ఎప్పుడూ ఘాటైనదే గెలుస్తుంది. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) వాసన గుప్పుమంటుంది, పుల్లదనం నాలుకని లేపుతుంది, ‘అబ్బ, భలే ఉంది’ అంటారు. అదే బీరు గ్లాసు నిండా పోసిస్తే సగం దగ్గర మొహం మొత్తుతుంది. అందుకే గ్లాసు నిండా పోసి చూడాలి.

దీనికోసం మీరు ట్రయల్ బ్యాచ్ చేయనక్కర్లేదు. షాపులో ఒక కోల్ష్ తరహా బీరు (తేలికపాటి జర్మన్ రకం), ఒక వీట్, ఒక పేల్ ఏల్ (కాస్త చేదు రకం) కొనండి. మూడింటినీ ఒకే ఫ్రిజ్‌లో ఒకే చల్లదనానికి తెచ్చి, లోపలి రంగు కనపడని ఒకే రకం కప్పుల్లో పోయండి. పేర్లు చెప్పొద్దు. తాగేవాళ్లలో బ్రూవర్ ఒక్కడు కూడా ఉండకూడదు. పక్కింటివాళ్లని, ఫుడ్ బ్యాంకు వాలంటీర్లని పిలవండి. ఇంటికెళ్లేటప్పుడు కారు ఎవరు నడుపుతారో ముందే తేల్చుకోండి. వచ్చినవాళ్లని ‘నచ్చిందా?’ అని మాత్రం అడక్కండి. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. మనవాళ్లయితే మరీను. రెండోసారి ఏ కప్పు పట్టుకుని వస్తున్నారో చూడండి. అందరూ వెళ్లాక మిగిలిన కప్పులు చూడండి. కబుర్లు చెబుతూ చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి పూలకుండీ వెనకాల పెట్టేసిన కప్పులో రెండంగుళాల బీరు నురగ చచ్చి పడి ఉంటుంది. దాన్ని మించిన ఓటు లేదు.

నేను ఆల్కహాల్ 5 శాతం, చేదు 25 ఐబీయూ (బీరు చేదుని కొలిచే లెక్క) దాటనివ్వను. క్రీమ్ ఏల్, బ్లాండ్ ఏల్, కోల్ష్, వీట్ దాదాపు ఈ గీత లోపలే ఉంటాయి. ఐపీఏ చేదు మామూలుగా 40 నుంచి 70. తినడానికి మిర్చి బజ్జీయో బిర్యానీయో పెడుతున్నారా, ఆ చేదు కారాన్ని ఇంకా మండిస్తుంది. రంగు కూడా బంగారు రంగే ఉండాలి. నల్లటి బీరంటే బరువనుకుంటారు జనం. గిన్నెస్ డ్రాఫ్ట్ అనే నల్లబీరులో ఆల్కహాల్ 4.2 శాతమే అని ఎంత చెప్పినా నమ్మరు.

నన్నడిగితే కోల్ష్. జర్మనీలోని కొలోన్ నగరం బీరు అది. 1986 నాటి ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతపు బ్రూవరీలే ఆ పేరు వాడుకుంటాయి, ఇక్కడ మనం ‘కోల్ష్ తరహా’ అని రాసుకుంటాం. అక్కడ దాన్ని 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసులో ఇస్తారు. గ్లాసు ఖాళీ అయితే చాలు, అడక్కుండానే ఇంకోటి తెచ్చిపెట్టి కింది అట్టముక్క మీద గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టముక్క గ్లాసు మీద మూతపెట్టాలి. రెండో గ్లాసు కోసమే పుట్టిన బీరు ఇంకెక్కడుంది? కాకపోతే కొన్నాళ్లు చల్లగా ఉంచాలి. అంత టైము ఇవ్వకపోతే బ్లాండ్ ఏల్‌తో సరిపెట్టుకోండి. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో తాగి వచ్చినవాళ్లు హెఫెవైజెన్ (జర్మన్ వీట్ బీరు) అంటారు. అరటిపండు వాసన అలవాటైనవాళ్లకి బాగుంటుంది, కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు. అందుకని వీట్ చేస్తే ఆ వాసన రాని మామూలు అమెరికన్ ఏల్ ఈస్ట్ వేయండి.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు ‘మరి రెజిలియెన్స్ ఐపీఏ?’ అంటారు. నిజమే. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చు ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసినప్పుడు, దగ్గర్లోని చికోలో ఉన్న సియెర్రా నెవాడా బ్రూవరీ బాధితుల కోసం ఈ ఐపీఏ రెసిపీ అందరికీ ఇచ్చింది. దేశమంతా 1,400కి పైగా బ్రూవరీలు చేశాయి. కానీ ఆ మంటల సంగతి దేశమంతటికీ తెలుసు. మాల్టు, హాప్స్ సప్లయర్లు సరుకు ఉచితంగా ఇచ్చారు. 2020లో శాన్ ఆంటోనియోలో మొదలైన ‘బ్లాక్ ఈజ్ బ్యూటిఫుల్’ అనే విరాళాల బీరైతే ఏకంగా స్టౌట్ (నల్లటి బీరు). ఇలాంటివాటిని జనం క్యాన్ మీది పేరు చూసి కొని ఇంటికి పట్టుకెళ్తారు, ఒక్కటి తాగినా ఫర్వాలేదు. మీరు చేసేది ఊరి పార్కింగ్ లాట్‌లో ట్యాప్ పెట్టి గ్లాసు గ్లాసుగా అమ్మే వ్యాపారం. రెండింటికీ పోలిక లేదు.

5. రెసిపీ జోలికి వెళ్లకండి. రకం మీరు చెప్పండి, మిగతాది బ్రూవర్‌కి వదిలేయండి. లాక్టోజ్ (పాల చక్కెర), పల్లీలు లాంటివి మాత్రం వద్దని చెప్పండి. ఎవరికి ఏది పడదో మీకు తెలియదు.

6. బోర్డు మీద బీరు పేరు కన్నా డబ్బు ఎవరికి వెళ్తుందో పెద్దక్షరాలతో రాయండి. పక్కనే రూట్ బీర్ (ఆల్కహాల్ లేని కూల్‌డ్రింకు) ట్యాప్ ఒకటి పెట్టండి, పిల్లలకీ కారు నడిపేవాళ్లకీ. మిగిలిన కెగ్గులు బ్రూవరీ తన ట్యాప్‌రూమ్‌లో ఎన్నాళ్లు అమ్ముతుందో, ఆ డబ్బు కూడా విరాళంలోకే వెళ్తుందో లేదో బ్రూ చేసే రోజుకి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.