తుపాకీ లైసెన్సుకు ముందు శిక్షణ: నల్లగొండ, పాలమూరు జిల్లాల దరఖాస్తుదారులకు

భారతదేశంలో తుపాకీ కలిగి ఉండడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు; 1959 నాటి ఆయుధాల చట్టం కింద ప్రభుత్వం షరతులు పెట్టి ఇచ్చే అనుమతి మాత్రమే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొని దరఖాస్తు మొదలుపెడితే, కాగితాలన్నీ ఇచ్చినా ఎందుకు తిప్పుతున్నారన్న చికాకు సగం తగ్గుతుంది. అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1791లో చేర్చిన రెండో రాజ్యాంగ సవరణ ఆయుధం ధరించడాన్ని హక్కుగా చెబుతుంది కాబట్టి, ఆ హక్కుకు శిక్షణ, లైసెన్సు అనే షరతులు ఎంతవరకు పెట్టవచ్చన్నదే అక్కడి తగాదా. న్యూయార్కు రాష్ట్రంలో తుపాకీ వెంట పెట్టుకొని తిరగడానికి అనుమతి కావాలంటే 16 గంటల తరగతులు, 2 గంటల కాల్పుల అభ్యాసం పూర్తి చేయాలి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అనర్హత లేనివారు అసలు అనుమతి పత్రమే లేకుండా పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. (మన జిల్లాల నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: స్టూడెంట్ వీసా, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.)

లైసెన్సుకు శిక్షణ తప్పనిసరి కావాలా అని నన్నడిగితే, కావాలనే అంటాను. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. దేవరకొండ వైపు మా ఊళ్లో నాన్నగారికి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఆయన పోయిన తర్వాత దాన్ని స్టేషనులో అప్పగించడానికి వడ్ల బస్తాల వెనుక నుంచి తీసి నేను భుజాన వేసుకోబోతుంటే, సైన్యంలో పనిచేసి వచ్చిన మా మేనమామ ఆపాడు. గొట్టాలను నేల వైపు వంచి, పైనున్న మీటను బొటనవేలితో పక్కకు నెట్టి, తుపాకీని మధ్యకు మడిచి చూపించాడు. ఎడమ గొట్టంలో తూటా ఇత్తడి అడుగు మెరిసింది. అది ఎన్నేళ్లుగా అందులో ఉందో ఎవరికీ తెలియదు. ఆ బస్తాల మీద మా పిల్లలు దాగుడుమూతలు ఆడుకున్నారు. నాన్నగారు లైసెన్సు రెన్యువల్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనకు తుపాకీ ఎలా ఉంచాలో నేర్పినవారు మాత్రం ఎవరూ లేరు.

అందుకే దరఖాస్తు కంటే ముందు శిక్షణ సంగతి చూసుకోండి. 2016 ఆయుధాల నియమావళిలోని 10వ నియమం భద్రతా శిక్షణలో ఏమేం ఉండాలో చెబుతుంది: సురక్షితంగా పట్టుకోవడం, మోసుకెళ్లడం, కాల్చే పద్ధతి, ఆయుధ సంరక్షణ, ఇంట్లో భద్రపరచడం. ధ్రువపత్రం చేతికొస్తే చాలని సరిపెట్టుకోకుండా, శిక్షకుడి ఎదుట నాలుగు పనులు మీ చేతులతో మీరే పదేసి సార్లు చేయండి. తుపాకీ చేతికి రాగానే గొట్టాన్ని మనుషులు లేని దిక్కుకు తిప్పడం. తెరిచి, గొట్టాల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడడం. కాల్చే క్షణం వరకు వేలిని ట్రిగ్గరు కాపు కమ్మీ బయటే ఉంచడం. తూటాలను వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంచడం. నాలుగోది మనవాళ్లకు బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆపద వచ్చినప్పుడు అందదని వాదిస్తారు. పిల్లలున్న ఇంట్లో ఆ వాదనను నేను అంగీకరించను.

దరఖాస్తు ఫారం ఎ-1లో ఉంటుంది. జిల్లాల్లో లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టరుది, కమిషనరేట్లలో పోలీసు కమిషనరుది. పాత మహబూబ్‌నగర్ జిల్లా 2016 అక్టోబరులో విడిపోయింది, తర్వాత 2019లో నారాయణపేట కూడా వేరైంది కాబట్టి, పాత లైసెన్సులున్నవారు ఇప్పుడు తమ ఊరు ఏ కలెక్టరేటు కిందికి వస్తుందో ముందుగా చూసుకోవాలి. వయసు 21 నిండాలి. ఫొటోలు, పుట్టినతేదీ, చిరునామా రుజువులతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యం గురించి వైద్యుడి ధ్రువపత్రం జతచేయాలి. లైసెన్సు మంజూరైతే జాతీయ డేటాబేస్‌లో మీ పేరు మీద యూఐఎన్, అంటే మీకొక్కరికే చెందే గుర్తింపు నంబరు, నమోదవుతుంది. ఆ నంబరు లేని పాత లైసెన్సు పుస్తకం చెల్లదు.

అన్నింటికన్నా ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది "ఎందుకు కావాలి" అన్న గడిలో. "ప్రాణభయం ఉంది" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. బెదిరింపు ఎప్పుడు వచ్చింది, ఏ స్టేషనులో ఫిర్యాదు చేశారు, ఎఫ్ఐఆర్ నంబరు ఎంత అన్నవి తేదీలతో రాసి నకళ్లు పెట్టండి. భూతగాదా కారణమైతే దాచకండి. విచారణకు వచ్చిన ఎస్ఐ పక్కింటివారిని అడిగితే ఆ మాట ఎలాగూ బయటపడుతుంది, దాచినందుకు అనుమానం రెట్టింపవుతుంది. నిజం చెప్పాలంటే, గట్టు తగాదాలో ఉన్న మనిషికి తుపాకీ ఇవ్వడానికి పోలీసులు వెనుకాడడం తప్పనిపించదు. బ్యాంకు గార్డుగా చేరబోయే మాజీ సైనికులు డిశ్చార్జి పుస్తకాన్ని, ఉద్యోగ పత్రాన్ని జతచేస్తే వారి అవసరం వెంటనే అర్థమవుతుంది.

అమ్రాబాద్ అడవి అంచున మక్క, పల్లి చేలు అడవిపందుల పాలవుతున్న రైతుల సంగతి వేరు. మూతిలోంచి మందు కూరే తుపాకీని, అంటే సాయుధ పోరాట కాలంలో మన పల్లెల్లో భర్మారు అన్నదాన్ని, పంట రక్షణ కోసం ఇచ్చే వీలు ఆయుధాల చట్టం 13వ సెక్షనులోనే ఉంది. అయితే ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే. పందిని కాల్చడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేరే అనుమతి కావాలి. ఈ తేడా తెలియక లైసెన్సు ఉండి కూడా అటవీ కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. ప్రజాప్రయోజనం అడ్డువస్తే తప్ప అవి మీకు ఇవ్వాలని ఆయుధాల చట్టం 14వ సెక్షను చెబుతుంది. వాటితోనే 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్సు చేతికొచ్చాక గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే పరిమితి, లైసెన్సు గడువు అయిదేళ్లు. బయటికి తీసుకెళితే పిస్టల్ ఒరలో, పెద్ద తుపాకీ కవరులో ఉండాలి. బరాతులో, అంటే పెళ్లి ఊరేగింపులో, గాలిలోకి కాలిస్తే, ఎవరికీ తగలకపోయినా, లైసెన్సు పోవచ్చు; ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చినట్లు తేలితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లైసెన్సుదారు మరణిస్తే వారసులు తుపాకీని ఇంట్లో ఉంచుకోకుండా స్టేషనులో గాని లైసెన్సున్న డీలరు దగ్గర గాని జాప్యం లేకుండా జమచేసి, కావాలనుకుంటే తమ పేరున కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు కూడా జమచేయమని నోటీసు రావచ్చు. జమచేసే ముందు తుపాకీని తెరిచి ఖాళీగా ఉందని చూసుకోండి. ఇచ్చిన రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల లెక్క సరిగా రాశారో లేదో ఆ బల్ల దగ్గరే నిలబడి సరిచూసుకోండి.