ఏ స్ప్రింగ్‌ఫీల్డ్?

పర్లాకిమిడిలో ‘రాయగడ’ అంటే జిల్లా కేంద్రమా, మన గజపతి జిల్లా బ్లాకా అని అడుగుతాం కదా. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లు చాలా ఉన్నాయి, వాటికీ అదే ప్రశ్న వేయాలి.

ముందు రాష్ట్రం. 2020 జనగణనలో స్ప్రింగ్‌ఫీల్డ్ జనాభా మిస్సోరీలో 1,69,176, మసాచుసెట్స్‌లో 1,55,929, ఇల్లినాయిలో 1,14,394.

రాష్ట్రం ఒక్కటే తెలిస్తే చాలదు. విస్కాన్సిన్‌లో డేన్, జాక్సన్, మార్క్వెట్, సెయింట్ క్రాయ్ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) తలా ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంది. కౌంటీ పేరు కూడా రాసుకోండి. ఈ నాలుగూ ‘టౌన్’లే. విస్కాన్సిన్‌లో ‘టౌన్’ అంటే పట్నం కాదు, పొలాలూ ఇళ్లూ కలిసిన మన పంచాయతీ లాంటిది. అందుకే విస్తీర్ణం పెద్దది, జనం తక్కువ.

జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) ఐదంకెలు. మసాచుసెట్స్‌వి సున్నాతో మొదలవుతాయి. ఎక్సెల్‌లో కొడితే ఆ సున్నా ఎగిరిపోతుంది. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి.