లెంట్ నలభై రోజులు: తగ్గడం, క్షమించడం, సంతోషించడం ఎలా?

లెంట్, అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం, దగ్గర పడుతుంటే సంఘంలో ఒకరినొకరు అడిగే మాట ఒకటుంది: "ఈసారి ఏం మానేస్తున్నారు?" నేను ఒక ఏడాది కాఫీ మానేశాను. నలభై రోజులూ పట్టుదలగా ముట్టుకోలేదు. ఆ నలభై రోజులూ తలనొప్పి పేరు చెప్పి ఇంట్లో అందరినీ కసురుకున్నాను కూడా. ఈస్టర్ రోజు కప్పు చేతిలోకి తీసుకుంటుంటే మా ఇంట్లోవాళ్లు "హమ్మయ్య" అనుకున్నారు. ఆ ఉపవాసం వల్ల ఎవరికి మేలు జరిగిందో నాకిప్పటికీ తెలియదు.

అందుకే ఏం మానాలనే సంగతి ఇక్కడ రాయడం లేదు. అది మీకూ దేవునికీ మధ్య ఉండనివ్వండి. దాని వెనక ఉన్న మూడు పనుల గురించి చెబుతాను: తగ్గించుకోవడం, క్షమించడం, సంతోషించడం. ఇవి ఇదే వరుసలో జరుగుతాయన్నది నా అనుభవం. మెట్టు దిగకుండా క్షమించబోతే అది దయ చూపించినట్టు ఉంటుంది. క్షమించకుండా సంతోషించబోతే ఆ సంతోషం పాట అయ్యేదాకా కూడా నిలవదు.

ముందు క్యాలెండర్ తీయండి

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40. ఉదాహరణకు 2027లో ఫిబ్రవరి 10న మొదలై మార్చి 27తో ముగుస్తుంది. మార్చి 28 ఈస్టర్. ఆదివారాలను ఎందుకు తీసేస్తారో తర్వాత చెబుతాను, అది చాలా ముఖ్యం. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల లెక్క వేరు. వాళ్లకు సోమవారంతో మొదలవుతుంది, తేదీలు కూడా చాలా ఏళ్లు మనతో కలవవు. మీ సంఘంలో లెంట్ ఆచరించే అలవాటే లేకపోయినా ఇబ్బంది లేదు. ఏ నలభై రోజులైనా ఇది చేయవచ్చు.

చదవడానికి ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకోండి. నాలుగే అధ్యాయాలు, మొత్తం 104 వచనాలు. రోజుకు రెండో మూడో వచనాలు చాలు. ఈ పత్రికనే ఎందుకంటున్నానంటే, మన మూడు పనులూ ఇందులోనే ఉన్నాయి. రెండో అధ్యాయంలో క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్న సంగతి ఉంది. నాలుగో అధ్యాయం రెండో వచనంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనస్సుతో ఉండమని, పత్రిక రాసిన పౌలు బతిమాలుకుంటాడు. ఇద్దరూ సువార్త పనిలో ఆయనతో కలిసి ప్రయాసపడినవాళ్లే. గొడవ ఎందుకొచ్చిందో ఆయన రాయలేదు. సరిగ్గా రెండు వచనాలు దాటాక, అందరికీ కంఠతా వచ్చిన మాట వస్తుంది: ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి అని. ఇదంతా రాసింది సంకెళ్లలో ఉన్న మనిషి. గోడ మీద క్యాలెండర్‌లో ఆ ఆనందం వచనం ఒక్కటే అచ్చువేస్తారు, పైనున్న ఇద్దరి తగవునూ వదిలేస్తారు. మీరు మాత్రం వదలకండి.

తగ్గించుకోవడం: ఎవరికీ కనపడని పనితో మొదలుపెట్టండి

భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద ఎక్కడిదో తెలుసా? కిందటేడు మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) చేతుల్లో ఊపిన మట్టలను కాల్చి చేసేది. హోసన్నా అని ఊపినవే ఏడాది తిరిగేసరికి బూడిద అవుతాయి. 'మన్నైన నీవు మన్నైపోతావు' అనే ఆదికాండపు మాట గుర్తుచేయడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు.

లూకా 18లో ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు దేవాలయంలో నిలబడి ఏమన్నాడో చూడండి. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానన్నాడు. అబద్ధమేమీ కాదు, నిజంగానే ఉండేవాడు. చిక్కల్లా ఏమిటంటే ఆ ఉపవాసం పక్కనున్న సుంకరితో, అంటే పన్ను వసూలు చేసేవాడితో, పోల్చుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడైతే "ఉపవాస ప్రార్థన, 12వ రోజు" అని వాట్సాప్ స్టేటస్ పెట్టేవాడేమో. (నేనూ ఒకసారి పెట్టాను. ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకున్నాను.)

కాబట్టి మొదటి రెండు వారాలూ ఈ మూడు చేయండి.

ఒకటి, మీరు చేస్తే ఎవరికీ తెలియని పని ఒకటి ఎంచుకుని రోజూ చేయండి. ఇంట్లో ఎవరూ ఇష్టపడని పని అయితే మరీ మంచిది. ఎవరైనా గమనించి మెచ్చుకుంటే మర్నాడు వేరే పనికి మారండి.

రెండు, రోజులో ఒక్కసారైనా వాదనలో చివరి మాట అవతలివాళ్లకు వదిలేయండి. వినడానికి చిన్నదే, మొదటి మూడు రోజులు మాత్రం నాలుక కొరుక్కోవాల్సి వస్తుంది. తప్పును ఒప్పుగా ఒప్పుకోమని కాదు. మనం గెలిచామని నిరూపించే ఆ ఆఖరి వాక్యం ఒక్కటి ఉంటుంది చూడండి, దాన్ని మింగేయడం.

మూడోది నాకు అన్నిటికన్నా కష్టం: ఎవరైనా సాయం చేస్తామంటే "వద్దులెండి, నేను చూసుకుంటా" అనకుండా తీసుకోవడం. యోహాను 13లో యేసు శిష్యుల పాదాలు కడుగుతుంటే పేతురు ఒప్పుకోలేదు. వినయంలా కనిపిస్తుంది కానీ, ఒకరి చేత సేవ చేయించుకోవడానికి మనసొప్పకపోవడంలోనూ గర్వం ఉంటుంది.

'తగ్గేవాడే నెగ్గేవాడు' అని మనకో మాట ఉంది. మంచి మాటే, కానీ లెంట్‌లో దాన్ని కాస్త పక్కన పెట్టండి. నెగ్గుతామనే లెక్కతో తగ్గడం బేరమే అవుతుంది.

క్షమించడం: అప్పు ఎంతో ముందు సరిగ్గా రాయండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. చాలామంది లెంట్ ఇక్కడే ఆగిపోతుంది కూడా.

మత్తయి 18లో క్షమించని దాసుని ఉపమానం అందరికీ తెలుసు. అతను రాజుకు పదివేల తలాంతులు బాకీ, రాజు అదంతా మాఫీ చేశాడు. తోటి దాసుడు అతనికి నూరు దేనారాలు బాకీ, అతను మాత్రం దాన్ని వదల్లేదు. ప్రసంగాల్లో ఈ నూరు దేనారాలను చిల్లర డబ్బుల్లా చెప్పేస్తుంటారు. నాకు ఆ వివరణ నచ్చదు. దేనారం అంటే ఒక రోజు కూలి. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైబడిన కష్టార్జితం. ఎవరైనా మన మూడు నెలల జీతం ఎగ్గొడితే "పోనీలే" అంటామా? తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన రాజుగారి బాకీ 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. రెండో అప్పు దీని పక్కన పెడితేనే చిన్నది. విడిగా చూస్తే అది నిజమైన అప్పే, యేసు దాన్ని సున్నా అని చెప్పలేదు.

దీన్నుంచి పద్ధతి ఇలా వస్తుంది.

ఒక కాగితం మీద మీకు ఎవరి మీద మనసు కష్టంగా ఉందో పేర్లు రాయండి. మూడు నాలుగుకు మించి వద్దు. ప్రతి పేరు ఎదురుగా మీకు జరిగిన నష్టం ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి. "నలుగురిలో నన్ను చులకన చేశాడు." "అమ్మకు బాగోలేనప్పుడు ఫోన్ కూడా చేయలేదు." తగ్గించి రాయకండి, పెంచీ రాయకండి. మనం "పోనీలే, వదిలేయ్" అంటుంటాం కదా, చాలాసార్లు అది క్షమించడం అవదు. అప్పు ఎంతో చూసుకోవడానికి భయపడి పుస్తకం మూసేయడం అవుతుంది. ఆర్నెల్లకు ఏదో ఒక పెళ్లిలో అదే పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది.

తర్వాత అదే కాగితం వెనక, మీరు ఎవరికి బాకీ ఉన్నారో రాయండి. ఈ పక్క రాసేటప్పుడు పెన్ను నెమ్మదిస్తుంది. సహజమే.

ఇక రోజూ ఒక్కో పేరుకు ఒక్క వాక్యం ప్రార్థన. "ప్రభువా, వాడికి బుద్ధి చెప్పు" అనేది లెక్కలోకి రాదు. అతని ఆరోగ్యం, పిల్లలు, పని, వీటిలో ఏదో ఒకదాని మేలు కోరి చేయాలి. మొదటి వారం మాటలు ఎండిపోయినట్టు వస్తాయి. ఫర్వాలేదు, ఎండిపోయినట్టే చేయండి. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే డెబ్బై ఏళ్ల మార్లు (డెబ్బై సార్లు ఏడు) అని యేసు చెప్పింది వేర్వేరు తప్పుల కోసమే అనుకోనవసరం లేదు. ఒకే మనిషి చేసిన ఒకే గాయాన్ని రోజూ మళ్లీ క్షమించాల్సి వస్తుందని నాకు అర్థమైంది.

మీరు క్షమించినట్టు అవతలివాళ్లకు చెప్పాలా? అడిగితే చెప్పండి. అడగనివాళ్లకు "లెంట్ కదా, నిన్ను క్షమించేశాను" అని మెసేజ్ పెడితే, కొత్త గొడవ మొదలవుతుంది. తను తప్పు చేశానని అతనికి తెలిసే ఉండదు మరి.

మీరే క్షమాపణ అడగాల్సి వస్తే ఆలస్యం చేయకండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది. "నన్ను క్షమించు" అనడానికి మన నోరు అంత తేలిగ్గా తిరగదు, సినిమా డైలాగ్‌లా ఉంటుంది. "తప్పు నాదే" అనండి, చాలు. ఆ తర్వాత ఏం తప్పు చేశారో ఒక్క వాక్యంలో చెప్పండి. "నీకు బాధ కలిగి ఉంటే" అనకండి. ఆ "ఉంటే" క్షమాపణనంతా తినేస్తుంది. "కానీ" అనే మాట కూడా రానివ్వకండి. వాళ్లు వెంటనే కరిగిపోకపోవచ్చు. అది వాళ్ల హక్కు, టైమ్ ఇవ్వండి. ఆర్థడాక్స్ సంఘాల్లో లెంట్ మొదలయ్యే ముందు ఆదివారం సాయంత్రం ఒకరి ముందు ఒకరు వంగి "నన్ను క్షమించండి" అని అడుగుతారు, అవతలివారు "దేవుడు క్షమిస్తాడు" అంటారు. పెద్దా చిన్నా, గురువులూ విశ్వాసులూ అందరూ. ఆ పద్ధతి మన సంఘాలకూ వస్తే బాగుండునని ఆశ.

ఒక్క జాగ్రత్త. కొట్టినవాళ్లు, వేధించినవాళ్లు, ఇంకా భయపెడుతున్నవాళ్లు మీ కాగితం మీద ఉంటే, క్షమించడమంటే వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లడమని ఎవరు చెప్పినా వినకండి. మనసులో పగ వదిలేయడం వేరు, నమ్మకం తిరిగి ఇవ్వడం వేరు. ఫిర్యాదు చేయడానికీ, దూరంగా ఉండటానికీ క్షమించడం అడ్డురాదు. అలాంటి పేరును ఒంటరిగా మోయకండి, నమ్మకమైన మనిషికి చెప్పండి. ఈ లెంట్‌లోనే అయిపోవాలనే టెన్షన్ కూడా పెట్టుకోకండి.

సంతోషించడం: ఆదివారాలను పాడుచేసుకోకండి

ఆదివారాలను నలభైలో కలపకపోవడానికి కారణం ఇదే: ప్రతి ఆదివారం పునరుత్థానానికి గుర్తు. శ్రమకాలంలోనైనా ఆ రోజు దుఃఖించే రోజు కాదు. నాలుగో ఆదివారానికైతే కొన్ని సంఘాల్లో ప్రత్యేకంగా ఆనందపు ఆదివారమనే పేరే ఉంది. గురువులు ఆ ఒక్కరోజు ఊదా రంగు వస్త్రాలు తీసి గులాబీ రంగువి వేసుకుంటారు. సగం దారి దాటాం, ఈస్టర్ కనపడుతోందని అర్థం.

ఉపవాసంలో ముఖం వాడ్చుకోవద్దు, తలంటుకుని ముఖం కడుక్కో అని యేసు చెప్పాడు కదా. దాన్ని అక్షరాలా పాటించండి. పని రోజుల్లో కూడా తల దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని బయటికి రండి.

అయితే సంతోషానికి అసలు కసరత్తు వేరే ఉంది. రోమా 12లో ఏడ్చేవారితో ఏడవమని చెప్పడానికి ముందే సంతోషించేవారితో సంతోషించమని ఉంది. ఏడ్చేవారితో ఏడవడం మనకు వస్తుంది. మనకు రాని ఉద్యోగం వచ్చినవాడితో, మనకు కుదరని సంబంధం కుదిరినవాళ్లతో మనస్ఫూర్తిగా సంతోషించడమే రాదు. నాలుగో వారంలో అలాంటి ఒకరికి ఫోన్ చేయండి. వాళ్ల సంగతులే అడగండి, మీ సంగతులు వాళ్లు అడిగితేనే చెప్పండి. ఈ కాల్ తేలిగ్గా చేయగలిగితే మొదటి రెండు వారాల పని కొంతైనా లోపలికి దిగిందని నేను నమ్ముతాను. నాకు రెండో ఏడాదికి గానీ కుదరలేదు.

ఇంట్లో చావు జరిగి, లేదా జబ్బుతో పోరాడుతూ ఉన్నవాళ్లు నవ్వు తెచ్చిపెట్టుకోనవసరం లేదు. 51వ కీర్తనలో దావీదు కూడా రక్షణానందాన్ని తనే పుట్టించుకోలేదు, మళ్లీ ఇవ్వమని దేవుణ్ణి అడిగాడు. అడగడం చాలు.

మధ్యలో తప్పిపోతే

పదో రోజుకే చాలామందికి తప్పుతుంది. మొదటినుంచి మొదలుపెట్టకండి, పదకొండో రోజు చేయండి. అంతే.

చివరి వారం

గురువారం రాత్రి యోహాను 13 చదవండి. యేసు పాదాలు కడిగినవాళ్లలో, ఆయన్ని అప్పగించిన యూదా కూడా ఉన్నాడన్న సంగతి దగ్గర కాసేపు ఆగండి. శుక్రవారం మీ పేర్ల కాగితం తీసి, వదలగలిగినవి కొట్టేయండి. వదలలేనివి అలాగే ఉంచండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

శనివారం రాత్రి లూకా 15 ఆఖరి భాగం, తప్పిపోయిన కుమారుని కథ, తీయండి. తమ్ముడు తిరిగొచ్చాడు, లోపల వాద్యాలు మోగుతున్నాయి. అన్న కోపంతో గుమ్మం బయటే నిలబడ్డాడు. ఏ రోజూ మాట జవదాటనివాడు, కష్టపడినవాడు, అతని నష్టమూ నిజమే. తండ్రే బయటికొచ్చి బతిమాలుతున్నాడు. అక్కడితో యేసు కథ ఆపేశాడు. అన్న లోపలికి వెళ్లాడో లేదో చెప్పలేదు.

ఆ తర్వాతి వాక్యం మీ నోట్‌బుక్‌లో మీరు రాయండి. అన్న పేరు బదులు మీ పేరు పెట్టుకుని.