నరమేధాల మీద మన ఎంపీకి అర్జీ ఇవ్వడం ఎలా?

"యాడనో సూడాన్‌లో జరిగేదానికి అనంతపురంలో కూర్చొని మనమేం చేస్తామప్పా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అర్జీ రాయండి. కొవ్వొత్తులు వద్దు. టవర్‌క్లాక్ దగ్గర వాటిని వెలిగిస్తే మరుసటి రోజు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, అక్కడితో సరి.

కావలసినవి ఏ4 కాగితాలు, ఒక ఫైలు, నీలం ఇంకు పెన్ను. సంతకాలు నీలంలోనే పెట్టించండి, నల్లవి జిరాక్సులా కనిపిస్తాయి. మనుషులు అయిదుగురు చాలు. యాభైమంది పోతే అది ధర్నా అనుకొని గేటు దగ్గరే ఆపేస్తారు.

సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు తీసుకెళ్లకండి. అక్కడ పింఛన్లు, పాసుపుస్తకాల అర్జీలు తీసుకుంటారు. విదేశాంగం కేంద్రం చేతిలో ఉంటుంది కాబట్టి ఎంపీ దగ్గరికే పోవాలి. అదీ మీ ఎంపీ అయి ఉండాలి. ఊరికి ఆనుకొనే ఉన్నా మీ ఓటు రాప్తాడు నియోజకవర్గంలో ఉంటే మీరు వెళ్లాల్సింది హిందూపురం ఎంపీ దగ్గరికి.

సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పేయండి. సూడాన్‌లో సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళాలకూ 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది, ఏడాదికి పైగా ముట్టడిలో ఉన్న ఎల్ ఫాషర్ నగరం 2025 అక్టోబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కాక అక్కడి జనాన్ని ఊచకోత కోశారు. ఇంత చాలు. ఫొటోలు అంటించవద్దు. ఒకసారి మావాళ్లు వాట్సాప్‌లో వచ్చిన ఫొటో జతచేశారు. అది వేరే దేశంలో ఎప్పుడో తీసిందని ఎంపీ పీఏ తన ఫోన్లో వెతికి మా ముందే తేల్చాడు. ఆ రోజు అర్జీ ఇవ్వకుండానే మెట్లు దిగాం.

అసలు చిక్కు అడిగే దగ్గర ఉంది. నేను చూసిన అర్జీల్లో ఎక్కువ ఇక్కడే చెడిపోయాయి.

"హింస ఆగాలి", "ప్రపంచ దేశాలు స్పందించాలి" అని రాస్తారు. ఎంపీ చదివి "తప్పకుండా" అంటారు, కాఫీ ఇస్తారు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన చేతిలో ఉన్న పని మీరు అడగలేదు. ఆయన సభలో ప్రశ్న వేయగలరు, ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌లో లేవనెత్తగలరు, మంత్రికి లేఖ రాయగలరు. వీటిలో ఒక్కటే అడగండి. మూడూ అడిగితే లేఖ రాసి ముగిస్తారు, అందులో కష్టం తక్కువ కాబట్టి.

ప్రశ్నే అడగాలి. సభలో అనుమతి దొరికితే మంత్రి జవాబు రికార్డుకెక్కుతుంది. అందులోనూ నక్షత్ర గుర్తు లేని ప్రశ్న మేలు. గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, లేనిదానికి రాతలో ఇస్తారు. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 20 మాత్రమే, గుర్తు లేనివి 230 దాకా తీసుకుంటారు. నోటిమాట జవాబుకంటే కాగితం మీది జవాబే మనకు పనికొస్తుంది.

ప్రశ్నను మీరే రాసివ్వండి. వాదన, వెటకారం, నింద ఉంటే నిబంధనల ప్రకారం తీసుకోరు. 150 మాటలు దాటకూడదు. "ప్రభుత్వం ఎందుకు నిద్రపోతోంది?" అని రాస్తే బుట్టలోకే. నేను రాసేది ఇలా ఉంటుంది: "జాతి నిర్మూలనను శిక్షించే చట్టాలు చేసుకోవాలని 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 5వ అధికరణ చెబుతోంది. 1959లో దాన్ని ఆమోదించిన భారత్ అలాంటి చట్టం తెచ్చే ఆలోచనలో ఉందా? లేకుంటే కారణాలేమిటి?"

సూడాన్ అర్జీలో మన చట్టం గొడవెందుకు అంటారా? జాతి నిర్మూలన అనే పేరుతో మన నేర చట్టంలో సెక్షన్ లేదు. 1984 సిక్కు వ్యతిరేక అల్లర్ల కేసు తీర్పులో ఢిల్లీ హైకోర్టు 2018లోనే ఈ లోటు ఎత్తిచూపింది, తర్వాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది పూడలేదు. ఇంట్లో దీపం పెట్టకుండా ఊరి చీకటి గురించి మాట్లాడలేం కదా. పైగా ఈ ప్రశ్నకు అవునో కాదో చెప్పాలి, దాటవేస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అర్జీలతో ఏమవుతుందని నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆఫ్రికాలోని గాంబియా దేశ జనాభా మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే తక్కువ. అంత చిన్న దేశమే 2019లో, మయన్మార్‌లో ఊచకోతకు గురైన రోహింగ్యా ముస్లింల తరఫున మయన్మార్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. 2020 జనవరిలో కోర్టు రోహింగ్యాలను కాపాడాలని మయన్మార్‌కు తాత్కాలిక ఆదేశాలిచ్చింది. 1994లో రువాండాలో నరమేధం మొదలయ్యాక ఐక్యరాజ్యసమితి అక్కడున్న తన శాంతి దళాన్ని 270 మందికి తగ్గించుకుంది, వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షలమంది పోయారు. అప్పుడు తమ పార్లమెంటులో ఎవరైనా ఏమన్నా అడుగుతారన్న భయం ఎన్ని ప్రభుత్వాలకు ఉండిందో?

ప్రశ్నకు 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. వర్షాకాల సమావేశాలు జులైలో ఉంటాయనుకుంటే మీ అర్జీ జూన్ మొదటి వారంలో ఎంపీ బల్ల మీద ఉండాలి. జిరాక్సు మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. పది రోజులకోసారి పీఏకు ఫోన్ చేయండి, "అన్నా" అనే పిలవండి. "సార్" అంటే దూరం పెరుగుతుంది.

జవాబు లోక్‌సభ వెబ్‌సైట్లో పెడతారు. ప్రింటు తీసి ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. దాట వేసిన మాట కింద నీలం పెన్నుతోనే గీత గీయండి, శీతాకాల సమావేశాల ప్రశ్న అక్కడి నుంచి మొదలుపెట్టాలి.