వాట్సాప్ ఫొటోల కుప్పను పైథాన్‌తో ఏడాది, నెల ఫోల్డర్లలో సర్దడం ఎలా?

మా అక్క ఫోన్ నిండిపోయింది. అందులోని ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసేసింది. పెళ్లి ఫొటోలు, గుడ్ మార్నింగ్ పువ్వులు, కరెంటు బిల్లు, పిల్లల మార్కుల షీటు అన్నీ కలిసిపోయాయి. "ఇవన్నీ చేత్తో సర్దాలంటే ఎన్నాళ్లు పడుతుందిరా?" అని ఫోన్ చేసింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పదకొండు లైన్ల పని ఇది. ఒక్కో లైనూ ఫోన్‌లో చదువుతూ తనతోనే టైప్ చేయించాను. ఇక్కడా అలాగే పలికినట్టు చెబుతాను. మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో టైప్ చేయాలి, క్యాపిటల్ కావాల్సిన చోట చెబుతాను.

ముందుగా ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో డిస్క్‌లోకో కాపీ చేసి పక్కన పెట్టండి. ఈ పని చేయకుండా కిందికి వెళ్లొద్దు.

తర్వాత పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకోండి. విండోస్‌లో దాంతోపాటే ఐడిల్ అనే చిన్న ఎడిటర్ వస్తుంది, మనకి అది చాలు. అందులో కొత్త ఫైల్ తెరిచి, ఏదో ఒక పేరుతో సేవ్ చేసుకోండి. రన్ చేయడానికి ఎఫ్5 నొక్కాలి.

మొదటి లైను: ఫ్రమ్ పాత్‌లిబ్ ఇంపోర్ట్ పాత్. చివరి పాత్‌లో పి క్యాపిటల్. ఫోల్డర్లతో మాట్లాడటానికి పైథాన్ 3.4తో, అంటే 2014లో వచ్చిన సాధనం ఇది. రెండో లైను: ఇంపోర్ట్ షుటిల్. స్పెల్లింగ్ ఎస్, హెచ్, యు, టి, ఐ, ఎల్. ఫైళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపేది ఇదే.

ఇప్పుడు రెండు చిరునామాలు ఇవ్వాలి. పాత అని రాసి, ఈక్వల్ పెట్టి, పాత్ అని (పి క్యాపిటల్) రాసి, బ్రాకెట్లో కోట్స్ మధ్య ఫొటోలున్న ఫోల్డర్ చిరునామా ఇవ్వండి. కింది లైనులో కొత్త అనే పేరుకి, సర్దినవి చేరాల్సిన ఫోల్డర్ చిరునామా అలాగే ఇవ్వండి. విండోస్ చిరునామాల్లో వెనక్కి వాలిన గీత ఉంటుంది కదా, దాన్ని ముందుకు వాలిన గీతగా మార్చి రాయండి. ఎందుకంటే కోట్స్ మధ్య వెనక గీత పక్కన ఎన్ అక్షరం వస్తే పైథాన్ దాన్ని "కొత్త లైను" అనుకుంటుంది. ఫోల్డర్ పేరు ఎన్‌తో మొదలైతే చాలు, చిరునామా పాడవుతుంది. ముందు గీతతో విండోస్‌కీ ఇబ్బంది లేదు, లినక్స్‌కీ లేదు.

అసలు కిటుకు ఫైల్ పేరులోనే ఉంది. వాట్సాప్ ఫొటో పేరు ఐఎంజి, ఒక అడ్డగీత, ఆ తర్వాత 20240115 లాంటి ఎనిమిది అంకెలతో వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ కెమెరాలు కూడా ఇదే పద్ధతి, కాకపోతే అడ్డగీతకి బదులు అండర్‌స్కోర్. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 4 నుంచి 8 వరకు తీస్తే ఏడాది, 8 నుంచి 10 వరకు తీస్తే నెల. (చివరి అంకె ముందే ఆగిపోతుంది, లెక్క తప్పలేదు.) ఫైల్ మీద కనిపించే "మోడిఫైడ్" తేదీని నేను నమ్మను. కాపీ చేసే పద్ధతిని బట్టి అది మారిపోవచ్చు. అయితే వాట్సాప్ పేరులోని తేదీ ఫొటో తీసిన రోజుది కాదు, మీకు అందిన రోజుది. తాతగారి 1985 నాటి ఫొటో మొన్న ఎవరో పంపితే అది మొన్నటి నెలలోకే వెళ్తుంది.

ఇక లూప్, అంటే ఒక్కో ఫైలుకీ అదే పనిని తిరిగి తిరిగి చేయించడం. ఫర్ ఎఫ్ ఇన్ లిస్ట్, బ్రాకెట్లో పాత చుక్క ఇటర్‌డిర్ (ఐ, టి, ఇ, ఆర్, డి, ఐ, ఆర్), దాని వెనక ఖాళీ బ్రాకెట్లు, చివర కోలన్. లిస్ట్ ఎందుకంటే, ఫోల్డర్‌ని చదువుతూనే అందులోంచి ఫైళ్లు తీసేస్తుంటే వరస తప్పే ప్రమాదం ఉంది. ముందే జాబితా రాసుకుంటే ఆ గొడవ ఉండదు. లూప్ లోపల ఒక ఇఫ్, అంటే షరతు: ఎఫ్ చుక్క ఈజ్ అండర్‌స్కోర్ ఫైల్, ఖాళీ బ్రాకెట్లు, అండ్, ఎఫ్ చుక్క నేమ్, చదరపు బ్రాకెట్లో 4 కోలన్ 12, చుక్క ఈజ్‌డిజిట్, ఖాళీ బ్రాకెట్లు, చివర కోలన్. ఆ ఎనిమిదీ అంకెలైతేనే ముట్టుకోమని అర్థం. స్క్రీన్‌షాట్లు, ఐఫోన్ ఫొటోలు వాటి పేర్ల వల్ల ఇక్కడే ఆగిపోతాయి.

ఇఫ్ లోపల మొదటి లైను: ఫోల్డర్ ఈక్వల్ కొత్త, ముందు గీత, ఎఫ్ చుక్క నేమ్, చదరపు బ్రాకెట్లో 4 కోలన్ 8, ముందు గీత, ఎఫ్ చుక్క నేమ్, చదరపు బ్రాకెట్లో 8 కోలన్ 10. చిరునామాలను కలపడానికి పాత్‌లిబ్‌లో భాగహారం గుర్తే వాడతారు. రెండో లైను: ప్రింట్, బ్రాకెట్లో ఎఫ్ చుక్క నేమ్, కామా, ఫోల్డర్.

ఇక్కడ ఆగి రన్ చేయండి. ఏ ఫైలూ కదలదు, ఏది ఎక్కడికి వెళ్లబోతోందో జాబితా మాత్రం కనిపిస్తుంది. అక్కకి చిరాకేసింది గానీ ఒక్క నిమిషం పైకీ కిందికీ చూడమన్నాను. నెల చోట 12 కంటే పెద్ద అంకె ఏదైనా కనిపిస్తే అది తేదీ కాదు, వేరే నంబరు.

జాబితా నచ్చాక ప్రింట్ లైను కిందే, ఇఫ్ లోపలే మూడు లైన్లు కలపండి. మొదటిది ఫోల్డర్ చుక్క ఎంకేడిర్ (ఎం, కె, డి, ఐ, ఆర్), బ్రాకెట్లో పేరెంట్స్ ఈక్వల్ ట్రూ, కామా, ఎగ్జిస్ట్ అండర్‌స్కోర్ ఓకే ఈక్వల్ ట్రూ. రెండు ట్రూలకీ టి క్యాపిటల్. మొదటి ట్రూ వల్ల ఏడాది ఫోల్డర్ లేకపోతే అదీ తయారవుతుంది, రెండోదాని వల్ల ఫోల్డర్ ముందే ఉంటే పైథాన్ అలగదు. రెండో లైను: ఇఫ్ నాట్, బ్రాకెట్లో ఫోల్డర్ ముందు గీత ఎఫ్ చుక్క నేమ్, చుక్క ఎగ్జిస్ట్స్, ఖాళీ బ్రాకెట్లు, కోలన్. దాని లోపల మూడోది: షుటిల్ చుక్క మూవ్, బ్రాకెట్లో ఎఫ్, కామా, ఫోల్డర్.

ఎంకేడిర్ లైను మూవ్ కంటే ముందే ఉండాలి. ఆ లైను అసలు రాయకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. 2024 ఫోల్డర్ ఉంది, లోపల 01 లేదు. మూవ్ నా ఫొటోని 01 అనే పేరున్న ఫైలుగా మార్చేసింది. తర్వాతి ఫొటో దాని మీదే వచ్చి కూర్చుంది, ఆ తర్వాతిదీ అంతే. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. పెన్‌డ్రైవ్ కాపీ సంగతి మొదట్లోనే చెప్పింది అందుకే.

నెలలకు జనవరి, ఫిబ్రవరి అని తెలుగు పేర్లు పెడదామా అని అక్క అడిగింది. పెట్టొచ్చు, పైథాన్‌కి తెలుగుతో ఇబ్బంది లేదు. కానీ పేర్ల వరసలో అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్ ముందొచ్చి కూర్చుంటాయి. అందుకే 01, 02 అంకెలే నయం. తెలుగు పేర్లతో ఇంకో చిక్కు కూడా ఉంది: కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుస్తాయి. "టూర్" అనే పేరుతో అచ్చం ఒకేలా ఉన్న రెండు ఫోల్డర్లు కనిపిస్తే కారణం అదే కావచ్చు. స్పేస్‌లు తీసేసే స్ట్రిప్ దాన్ని తీయదు. లినక్స్‌లో అయితే పేరు 255 బైట్లకు మించకూడదు, ఒక్క "శ్రీ"కే 12 బైట్లు పోతాయి.

అంతా అయ్యాక పాత ఫోల్డర్‌లో మిగిలేవి తేదీ లేని ఫైళ్లు, అదే పేరుతో అవతల ముందే ఉన్నవి. వాటిని చేత్తో చూసుకోండి. ఖాళీ ఫోల్డర్ తీసేయడానికి ఆర్ఎండిర్ వాడండి, లోపల ఒక్క ఫైలున్నా అది ఒప్పుకోదు. షుటిల్‌లో ఆర్ఎంట్రీ అని ఇంకోటి ఉంది, లోపల ఏమున్నా సరే మొత్తం తుడిచేస్తుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. అక్కకి ఆ పేరు నేను చెప్పనే లేదు.