పాట కట్టడం – 6వ పాఠం: కోసిన బిట్, వాయించిన బిట్

పోయిన పాఠంలో ఒక పాత పాటలోని బిట్‌ని మళ్ళీ వాయించి మీ ట్రాకులో పెట్టి పంపమన్నాను. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి వచ్చిన ఫైళ్లన్నీ విన్నాను. ఎక్కువమంది వాయించలేదు. యూట్యూబ్‌లోంచి పాట దింపి, యాప్‌తో గొంతు తీసేసి, శ్రుతిని ఒక మెట్టు పైకి జరిపి, కాస్త స్పీడ్ పెంచి, "రీక్రియేట్ చేశాను సార్" అని పంపారు. అందుకే ఈసారి చెప్పాల్సిన డ్రమ్ ప్రోగ్రామింగ్ ఆపేస్తున్నాను. ఇది తేలకుండా ముందుకు వెళ్తే, పాట విడుదల చేసిన రోజున మీకే దెబ్బ.

పాత రికార్డింగులోని శబ్దం మీ ట్రాకులోకి వచ్చిందా? వస్తే అది శాంప్లింగ్. స్వరాలు మాత్రమే తీసుకుని, మీరే వాయించి కొత్తగా రికార్డు చేస్తే అది రీక్రియేషన్. పరిశ్రమలో దాన్ని ఇంటర్‌పోలేషన్ అంటారు.

ఇప్పుడు అసలు పొరపాటు. పిచ్ (శ్రుతి) మార్చినా శాంపిలే. స్పీడ్ మార్చినా శాంపిలే. వెనక్కి తిప్పినా, ఫిల్టర్ వేసినా, ఏఐ యాప్‌తో వయొలిన్లు మాత్రం విడదీసినా శాంపిలే. ఆ వయొలిన్లు ఎవరో స్టూడియోలో కూర్చుని వాయించారు. వాళ్ల విల్లు ఒరిపిడి, ఆ గది మోత, ఆ మైకు రంగు అన్నీ మీ ఫైల్లోనే ఉన్నాయి. పక్కింటి నుంచి తెచ్చుకున్న చేపల పులుసులో ఇంకో నాలుగు మామిడికాయ ముక్కలు వేసి మరిగించినా, పులుసు పెట్టింది పక్కింటావిడే కదా!

దొరికిపోవడం కూడా సులువే. వచ్చిన ఫైళ్లలో ఒకదాన్ని కీబోర్డుతో పోల్చి చూశాను. స్వరం ఏ మెట్టు మీదా పడలేదు, రెండు మెట్ల మధ్య నిలబడింది. టేపు కాలపు పాటల్లో ఇది మామూలే, టేపు వేగంలో చిన్న తేడా వస్తే శ్రుతి జరిగిపోతుంది. మీరే కీబోర్డు మీద వాయించి ఉంటే స్వరం సరిగ్గా మెట్టు మీద పడేది. ఇంకో గుర్తు: కోసిన బిట్‌ని లూప్ చేస్తే, అంటే అదే ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పితే, ప్రతిసారీ అదే దగ్గర అదే చిన్న గీర వినిపిస్తుంది. చేత్తో వాయించింది రెండుసార్లు ఒకేలా రాదు.

"మూడు సెకన్లలోపైతే పర్లేదంట" అని ఒకరు రాశారు. అలాంటి రూలు లేదు. జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన ఒక ట్రాకు నుంచి 2 సెకన్ల తాళం ముక్క తీసుకున్నందుకు జర్మనీలో రెండు దశాబ్దాలకు పైగా కేసు నడిచింది.

మన దగ్గరి ఉదాహరణ చూడండి. 1981 నాటి 'ఏక్ దూజే కే లియే'లో మన నెల్లూరు బాలు గారు, లతా మంగేష్కర్ పాడిన 'తేరే మేరే బీచ్ మే' ఉంది కదా. బ్రిట్నీ స్పియర్స్ పాట 'టాక్సిక్'లో చురుగ్గా కోసినట్టు వచ్చే ఆ వయొలిన్లు దానిలోవే. అది శాంపిల్. దీనికి ఎదురు 1979 నాటి ర్యాప్ పాట 'రాపర్స్ డిలైట్'. అందులో షిక్ బృందం పాట 'గుడ్ టైమ్స్' బేస్ లైన్‌ని (కింది స్థాయి స్వరాల వరసని) స్టూడియో వాద్యకారుల చేత మళ్ళీ వాయింపించారు. అయినా 'గుడ్ టైమ్స్' కట్టిన నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేర్లు ఆ పాట రచయితల్లో చేర్చక తప్పలేదు. 2019లో అరియానా గ్రాండే '7 రింగ్స్'లో పాత బాణీని తానే కొత్తగా పాడింది. రచన రాయల్టీలో 90 శాతం పాత బాణీ హక్కుదారులకు పోయింది.

అంటే వాయించినంత మాత్రాన ఫ్రీ కాదు. మన 1957 కాపీరైట్ చట్టంలో బాణీకి ఒక హక్కు, రికార్డింగుకు ఒక హక్కు విడివిడిగా ఉన్నాయి. బాణీ హక్కు స్వరకర్త జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రికార్డింగు హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. శాంపిల్ చేస్తే రెండు అనుమతులూ కావాలి. వాయిస్తే బాణీ అనుమతి చాలు.

ఆర్కెస్ట్రాల్లో వాయించే తమ్ముళ్లకు ఒక మాట. పెళ్లి కచేరీలో కీబోర్డు మీద బిట్ వాయించగానే జనం ఈలలు వేస్తారు చూడండి, అది రీక్రియేషన్. పుల్లతో కొడితే శబ్దాలు మోగే రిథమ్ ప్యాడ్‌లో ఒరిజినల్ ముక్క ఎక్కించి కొడితే అది శాంపిల్. కొట్టింది మీ చెయ్యే అయినా మోగింది పాత రికార్డింగే.

నా ఓటు వాయించడానికే. బిట్ కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మార్చుకోవచ్చు, శ్రుతి మీ గాయకుడికి సరిపెట్టుకోవచ్చు. నేనైతే ముందు బేస్ ఒక్కటే పట్టుకుంటాను, తర్వాత పై లైన్‌ని సరిగమల్లో పాడి చూస్తాను. నోటికి రాని బిట్ వేళ్లకీ రాదు. నొటేషన్ చివర రాసుకుంటే సరిపోతుంది.

అభ్యాసం. నాలుగు బార్ల (తాళం నాలుగుసార్లు తిరిగేంత) బిట్ ఒకటి ఎంచుకోండి. ఒక ఫైల్లో దాన్ని కోసి, ఏమీ మార్చకుండా పెట్టండి. రెండో ఫైల్లో అదే బిట్‌ని మీరే వాయించండి, క్వాంటైజ్ (తాళం తప్పిన స్వరాలను సాఫ్ట్‌వేరే సరిచేసే సదుపాయం) వాడొద్దు, లూప్ చేయొద్దు, నాలుగు బార్లూ ఏకబిగిన రావాలి. రెండు ఫైళ్లనూ వేరువేరుగా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒరిజినల్ పాట పక్కన పెట్టి, మొదలు కచ్చితంగా కలిపి, ఒరిజినల్ ట్రాకుని ఇన్వర్ట్ చేసి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) ప్లే చేయండి. కోసింది దాదాపు నిశ్శబ్దమైపోతుంది, వాయించింది మోగుతూనే ఉంటుంది. శ్రుతి, స్పీడ్ మార్చిన ముక్కల మీద ఈ పరీక్ష పనిచేయదు, కాబట్టి దాన్ని చూపించి నాతో వాదించకండి. రెండో ఫైల్ మాత్రమే పంపండి, దానితోపాటు ఆ పాట బాణీ ఎవరిదో, రికార్డింగు ఏ కంపెనీదో రాసి పంపండి. ఆ రెండు పేర్లు లేని ఫైల్ నేను వినను.