కిడ్నీ మార్పిడి అయ్యాక ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలి

మా అన్నయ్యకి కిడ్నీ మార్చి ఆరేళ్లయింది, మాది కవిటి దగ్గర ఊరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో డయాలసిస్ గురించి చిన్న పిల్లాడైనా చెప్తాడు గానీ మార్పిడి తర్వాత సంగతి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు మందుల టైము. కొత్త కిడ్నీ మీద ఒళ్లు తిరగబడకుండా వేసే మందు టాక్రోలిమస్ మా ఇంట్లో పొద్దున 8, రాత్రి 8, పెళ్లికెళ్లినా జీడితోటకెళ్లినా జేబులో స్ట్రిప్పు ఉండాల్సిందే. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ టెస్టు రోజు మాత్రం పొద్దున డోసు రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ముందే మింగేస్తే లెవెల్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అది చూసి డాక్టరు డోసు తగ్గిస్తే ఒళ్లు ఆ కిడ్నీ మీద తిరగబడొచ్చు. టెస్టుకి విశాఖ వెళ్లే రోజు మా వదిన ఆ స్ట్రిప్పుని టిఫిన్ బాక్సు మూతకి రబ్బరు బ్యాండేసి పెడుతుంది, రక్తం ఇచ్చాకే అన్నయ్య బాక్సు ముట్టుకుంటాడు.

ఇంకోటి, నొప్పి ఇంజక్షన్లు. మూడో ఏడు మోకాలి నొప్పని ఊళ్లో ఒకాయన దగ్గర మూడు రోజులు డైక్లోఫెనాక్ చేయించుకున్నాడు, కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.3 ఉండేది 2.1కి పోయింది, మళ్లీ దిగేసరికి నెల దాటింది, ఆ నెలంతా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దే వద్దు. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) టాక్రోలిమస్ లెవెల్ పెంచేస్తాయి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ పడగొట్టేస్తుంది, కాబట్టి ఏ కొత్త మందైనా మీ కిడ్నీ డాక్టర్ని అడిగాకే. ఆకు పసర్లు, పంపరపనస కూడా మానేయండి.

జ్వరం 100 దాటితే రేపు చూద్దాంలే అనుకోవద్దు, టాక్రోలిమస్ లాంటి మందుల వల్ల రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, టీబీ, సీఎంవీ వైరస్ లాంటివి తొందరగా పట్టుకుంటాయి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, కొత్త కిడ్నీ పెట్టిన చోట పొత్తికడుపులో నొప్పొచ్చినా అదే రోజు ఫోన్ చెయ్యండి. ఏ బాధా లేకుండా కూడా కిడ్నీ లోపల్లోపల దెబ్బతింటుంది, ముందు బయటపడేది రక్త పరీక్షలోనే, బానే ఉన్నాం కదా అని టెస్టు మానొద్దు.

షుగరు లేనివాళ్లకి కూడా స్టెరాయిడ్, టాక్రోలిమస్ వల్ల కొత్తగా రావొచ్చు, అన్నయ్యకి రెండో ఏడు అలాగే వచ్చింది. బీపీ, గుండె కూడా చూపించుకుంటూ ఉండాలి. చర్మం క్యాన్సర్ భయం కూడా ఉంది కాబట్టి ఎండలోకెళ్తే తలకి తువ్వాలు, నిండు చేతుల చొక్కా, మానని పుండు కనిపిస్తే చూపించాలి.

తేదీ, బరువు, బీపీ, క్రియాటినిన్, లెవెల్ ఒక నోటుబుక్కులో రాసుకోండి. మాది ఇప్పుడు మూడో పుస్తకం, డాక్టరు మారినప్పుడల్లా ముందు అదే చూపిస్తాం.